పాఠం చివర కూర్చున్న ప్రశ్న

జూన్ నెల వచ్చిందంటే కర్నూలు పాత బస్టాండు దగ్గర బుక్ షాపుల ముందర నిలబడ్డానికి జాగా ఉండదు. టెన్త్ పిల్లోళ్లు, ఇంటర్ పిల్లోళ్లు, వాళ్ల వెనకాల సంచి పట్టుకున్న నాయనలు, అందరూ ముందు అడిగేది గైడే. గైడు తిరగేస్తే పాఠం సారాంశం అర పేజీ ఉంటుంది, తక్కినదంతా ప్రశ్నలు, వాటి కింద జవాబులు, స్టార్ గుర్తు పెట్టిన ఇంపార్టెంట్లు, ఆఖర్న బిట్లు. టెక్స్ట్ బుక్కు కూడా ఏం తక్కువ తినలేదు, ఏ పాఠం తీసుకున్నా ప్రశ్నలన్నీ చివర్లోనే ఉంటాయి. మధ్యలో అక్కడక్కడ ఒక బాక్సులో ఆలోచించండి, చర్చించండి అని వేస్తారు గానీ క్లాసులో దాన్ని దాటేసి పోతారు, పరీక్షలో రాదు కదా.

ప్రశ్న చివర్న ఉంటే అది కొలిచే పని మాత్రమే చేస్తుంది. ఎంత ఎక్కింది, ఎన్ని మార్కులు పడతాయి, అంతే. అదే ప్రశ్న పాఠానికి ముందరొస్తే ఒక పని చేస్తుంది, మధ్యలో వస్తే ఇంకో పని చేస్తుంది, అడిగే మాటల్ని కొంచెం మారిస్తే వచ్చే జవాబే మారిపోతుంది. మనిషి ఆలోచన మీద ప్రశ్న పనిచేసే తీరు గురించి గత 60, 70 ఏళ్లలో సైకాలజీ వాళ్లు చాలానే చూసినారు. అదంతా మన చేను గట్టు మీద, మన క్లాసు రూముల్లో రోజూ జరిగేదే, పనిగట్టుకుని చూస్తే కనపడుతుంది.

అనంతపురం జిల్లాలో ఒక చేను అనుకుందాం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే జిల్లా, బోరు లేకుంటే శెనక్కాయ కూడా నమ్మకం లేదు. బోరులో మోటరు చెడిపోయింది, ట్రైపాడ్ కట్టి పైపులు ఒక్కొక్కటే పైకి లాగుతా ఉన్నారు. బడికి సెలవు కాబట్టి పాప కూడా వచ్చి గట్టు మీద కూర్చుంది, ఊరికే ఉండదు కదా.

"నాయనా, మోటరుని అంత లోతుకి ఎందుకు దించినారు? పైనే పెట్టింటే చెడిపోయినప్పుడల్లా ఇంత కష్టం ఉండదు కదా?"

"కిందుంటేనే నీళ్లొస్తాయి మ్మా."

"పైనుంటే ఎందుకు రావు?"

"అంత లోతు నుంచి లాగలేదు."

"పెద్ద మోటరు పెడితే?"

నాయన దగ్గర జవాబు ఇక్కడికి అయిపోయింది. చాలామంది దగ్గర ఇక్కడికే అయిపోతుంది, ఇంజనీరింగ్ చదివినోళ్లతో సహా. మామూలుగా అయితే "పోయి నీళ్లు తీసుకురా పో" అనే మాట వస్తుంది. కానీ ఈయన ఒక సంగతి గుర్తు చేసుకున్నాడు అనుకుందాం. "మీ జేజినాయన కాలంలో బావి ఉండె. అప్పుడు మోటరు బావి లోపల సగం దూరంలో అరుగు కట్టి దాని మీద పెట్టేటోళ్లు. నీళ్లు దిగిపోతే మోటరుని కూడా ఇంకో మెట్టు కిందికి దించేటోళ్లు. నీళ్లకీ మోటరుకీ మధ్య ఇరవై, ఇరవై ఐదు అడుగులు దాటితే ఎంత హార్స్ పవర్ ఉన్నా దండగే."

ఇప్పుడు పాప చేతిలో ఒక గట్టి విషయం ఉంది. మోటరు బలానికీ ఈ లోతుకీ సంబంధం లేదు, అంటే ఇంకేదో అడ్డం పడతా ఉంది. ఆ అడ్డం ఏంది?

ఈ ప్రశ్న ఈ పాపదే కాదు. ఇటలీలో 1600ల్లో బావుల దగ్గర పంపులు పెట్టేవాళ్లు ఇదే చూసినారు, పైనుంచి పీల్చే పంపు సుమారు 10 మీటర్లు దాటి నీళ్లని లేపలేదు. గెలీలియో 1638లో దీని గురించి రాస్తా, పొడుగాటి తాడు తన బరువుకి తానే తెగినట్టు నీళ్ల స్తంభం కూడా తెగిపోతుంది అన్నాడు. అంత పెద్ద మనిషి, జవాబు మాత్రం తప్పు. ఆయన శిష్యుడు టారిసెల్లి ప్రశ్ననే తిరగేసినాడు. పంపు నీళ్లని లాగుతా ఉంది అని ఎందుకనుకోవాల, బయట గాలి తన బరువుతో నీళ్లని నెడతా ఉందేమో, పంపు చేసేది పైపులో గాలి తీసేసి దారి ఇవ్వడమేనేమో అని. అదే నిజమైతే నీళ్లకంటే 13.6 రెట్లు బరువుండే పాదరసం అంతకు తగ్గట్టు తక్కువ ఎత్తే లేవాల. 1643, 44 ప్రాంతంలో గాజు గొట్టంలో పాదరసంతో చూస్తే 76 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. 76ని 13.6తో గుణిస్తే 10 మీటర్ల 30 సెంటీమీటర్ల చిల్లర, సరిగ్గా పంపు ఆగిపోయే ఎత్తు. తర్వాత పాస్కల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇంకో ప్రశ్న వేసినాడు, గాలి బరువే కారణమైతే కొండెక్కితే పైన గాలి తక్కువ కదా, పాదరసం దిగాల కదా అని. 1648లో వాళ్ల బావ ఫ్రాన్సులో ఒక కొండ మీదికి ఆ గొట్టాలు మోసుకుపోతే నిజంగానే 8 సెంటీమీటర్ల పైన దిగింది.

మళ్లీ చేనుకి వద్దాం. గాలి నెట్టేది ఆ 10 మీటర్ల చిల్లర, అంటే 34 అడుగుల వరకే, పైపుల్లో రాపిడి, అతుకుల దగ్గర లీకేజీలు అన్నీ పోతే చేతికొచ్చేది పాతికే. మన బోర్లు వందల అడుగులు. అందుకే మోటరు కిందికి దిగి అక్కడి నుంచి పైకి నెట్టాల్సిందే, నెట్టేదానికైతే ఈ 34 అడుగుల లెక్క అడ్డం రాదు. అట్లా అని పాప ఊరుకుంటుందా, "మరి పక్క చేనులో కంప్రెసర్ పైనే ఉంది కదా" అంటుంది. మంచి ప్రశ్న, ఎందుకంటే ఇప్పుడు చెప్పిన సూత్రాన్ని పడగొట్టేటట్టు ఉంది. పడిపోదు, కంప్రెసర్ గాలిని పైపులో కిందికి పంపుతుంది, ఆ గాలి నీళ్లల్లో కలిసి నీళ్లని తోసుకుంటా పైకొస్తుంది, పని జరిగేది అక్కడ కూడా కిందనుంచే.

ఈ నాలుగు ప్రశ్నల్లో పాప నేర్చుకున్నది టెక్స్ట్ బుక్కులో వాతావరణ పీడనం అని ఒక పేజీ. ఆ పేజీ చదివి పది మార్కులు తెచ్చుకున్న పిల్లోళ్లకి కూడా తమ చేనులో మోటరు ఎందుకు కిందుంది అంటే ఆ పేజీ గుర్తుకు రాదు, ఎందుకంటే ఆ పేజీ వాళ్ల దగ్గరికి జవాబు రూపంలోనే వచ్చింది, దానికి ముందర ప్రశ్న లేదు.

నాయన సంగతి కూడా కొంచెం చూడాల. ఆయన ఇరవై ఏళ్లుగా బోర్లతోనే బతుకుతున్నాడు, మోటరు ఎట్లా పనిచేస్తుందో తెలుసా అంటే తెలుసు అంటాడు, అబద్ధం కాదు, ఆయనకి నిజంగా అట్లే అనిపిస్తుంది. మూడో ప్రశ్న దగ్గర గానీ తెలియదని తెలియలేదు. దీన్ని 2002లో యేల్ యూనివర్సిటీలో రోజెన్‌బ్లిట్, కీల్ అనే ఇద్దరు పట్టుకున్నారు. జిప్పు, తాళం, ఫ్లష్ టాయిలెట్ లాంటి వస్తువులు ఎట్లా పనిచేస్తాయో మీకు ఎంత బాగా తెలుసో మార్కులు వేసుకోండి అన్నారు. జనం బాగానే వేసుకున్నారు. సరే, ఇప్పుడు స్టెప్పు స్టెప్పుగా రాయండి అన్నారు. రాయబోయేసరికి పెన్ను ఆగిపోయింది, మళ్లీ మార్కులు వేసుకోమంటే చాలామంది తగ్గించుకున్నారు. రోజూ వాడే వస్తువు కాబట్టి, కళ్ల ముందర పనిచేస్తా ఉంటుంది కాబట్టి, ఆ చూడ్డాన్నే తెలివి అనుకుంటాం. "ఎట్లా?" అని ఎవరో ఒకరు అడిగేవరకు ఆ భ్రమ అట్లే ఉంటుంది. క్లాసులో "అర్థమైందా?" అని అడిగితే బయటపడదు, అది వేరే రకం ప్రశ్న, దానికి జవాబు ముందే ఫిక్స్ అయిపోయి ఉంటుంది, అర్థమైంది సార్ అని అరవై గొంతులు ఒకేసారి.

పరీక్షల్ని మరీ తిట్టడం కూడా సరిగాదు. బట్టీ చదువు అని ఎగతాళి చేసేవాళ్లు కూడా ఒక విషయం ఒప్పుకోవాల, జవాబు చెప్పడం అనే పనిలోనే నేర్చుకోవడం ఉంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజీ వాళ్లు స్టూడెంట్లకి ఒక పేరా ఇచ్చి, ఒక గుంపుని నాలుగు సార్లు చదవమన్నారు, ఇంకో గుంపుని ఒక్కసారి చదివి తర్వాత మూడు సార్లు పుస్తకం మూసేసి గుర్తున్నదంతా రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే నాలుగు సార్లు చదివినోళ్లే ముందున్నారు, 83 శాతం, రెండో గుంపు 71. కానీ వారం తర్వాత చూస్తే చదివినోళ్ల దగ్గర మిగిలింది 40 శాతం, రాసినోళ్ల దగ్గర 61. తమాషా ఏందంటే మాకు బాగా గుర్తుంటుంది అని ఎక్కువ ధైర్యంగా చెప్పింది నాలుగు సార్లు చదివిన గుంపే. చదివిందే చదువుతా ఉంటే పేజీ పాత చుట్టంలాగ పరిచయంగా కనపడుతుంది, ఆ పరిచయాన్ని జ్ఞాపకం అనుకుంటాం. పుస్తకం మూసినప్పుడు మాత్రం లోపల తవ్వుకోవాల, తవ్విన దారే తర్వాత పనికొస్తుంది. వెనకటికి అయ్యవారు తెల్లారి బడి మొదలుపెట్టే ముందు నిన్నటి పద్యం ఒప్పజెప్పించుకునేవాడే, అది ఇదే పని. ఇంటి దగ్గర చదువురాని జేజి "ఏం చదివినావో నాకు చెప్పు" అని కూర్చోబెట్టుకున్నా పని జరిగిపోతుంది, ఆమెకి చదువు రాకపోవడం ఇంకా మంచిది, అడ్డదిడ్డంగా అడుగుతుంది, విప్పి చెప్పక తప్పదు.

అయితే ఒప్పజెప్పడం పాఠం తర్వాత సంగతి. పాఠానికి ముందే ప్రశ్న అడిగితే? ఏమీ తెలియని పిల్లోన్ని అడిగి ఏం లాభం, తప్పు చెప్తాడు, ఆ తప్పే మనసులో పడిపోతుంది అని టీచర్లకి భయం. 2009లో రిచ్‌లాండ్, కోర్నెల్, కావ్ అనే వాళ్లు ఇదే చూసినారు. చదవబోయే వ్యాసం నుంచి ప్రశ్నలు ముందే ఇచ్చినారు, ఎవరికీ తెలియదు, దాదాపు అన్నీ తప్పులే రాసినారు. తర్వాత వ్యాసం చదివి పరీక్ష రాస్తే, ముందు తప్పు రాసినోళ్లే, నేరుగా చదువుకున్నోళ్లకంటే ఆ విషయాల్లో మేలుగా రాసినారు. తప్పైనా సరే ఒక జవాబు ఊహించిన మనిషి చదివేటప్పుడు వెతుక్కుంటా చదువుతాడు, ఏ లైను తన లైనో తెలుస్తుంది. పొడుపు కథ వేసి విప్పమని కాసేపు ఏడిపించి తర్వాత జవాబు చెప్తే జన్మలో మర్చిపోం, అదే జవాబుని ముందే చెప్పేస్తే సాయంత్రానికి ఉండదు. 2014లో ఇంకో ప్రయోగంలో మెదడు స్కాను తీస్తా చూసినారు, ఒక ప్రశ్నకి జవాబు కోసం నిజంగా ఆత్రంగా ఎదురుచూసేటప్పుడు మధ్యలో సంబంధం లేని మనుషుల మొహాలు చూపిస్తే, ఆ మొహాలు కూడా మామూలుకంటే బాగా గుర్తున్నాయంట. అంటే ఆత్రం తనకు కావాల్సిన జవాబునే కాకుండా పక్కన పోయే దాన్ని కూడా లోపలికి లాక్కుంటుంది.

ఇంత ఉన్నప్పుడు పిల్లలు క్లాసులో ఎందుకు అడగరు? ఇంగ్లాండులో టిజార్డ్, హ్యూజ్ అనే ఇద్దరు పరిశోధకులు నాలుగేళ్ల ఆడపిల్లలు మాట్లాడే మాటలు రికార్డు చేసి 1984లో రాసినారు. ఇంట్లో అమ్మతో ఉన్నప్పుడు గంటకి సగటున 26 ప్రశ్నలు అడిగిన పిల్లలే నర్సరీ స్కూల్లో టీచర్ని అడిగింది గంటకి 2. అదే పిల్లలు, అదే వయసు. మారింది జాగా ఒక్కటే. మన దగ్గర ఇది ఇంకా కొంచెం తేడా, ఇంట్లో కూడా ఒక వయసు దాటినాక "పెద్దోళ్లకి ఎదురు మాట్లాడతావా" అనే మాట తగులుతుంది, ప్రశ్నకీ ఎదురు మాటకీ మధ్య గీత మన ఇళ్లల్లో చాలా సన్నం. ఎక్కువ అడిగితే "యక్ష ప్రశ్నలు వేయొద్దు" అంటాం, ఆ యక్షుడు అడిగిన వాటికి జవాబు చెప్పినందుకే కదా చచ్చిపడిన నలుగురు తమ్ముళ్లు లేచింది, అది మాత్రం మర్చిపోతాం.

టీచర్లు అడగడం లేదా అంటే, అడుగుతారు, తెగ అడుగుతారు. ఆగరు, అంతే. మేరీ బడ్ రో అనే ఆమె 1970ల్లో క్లాసు రూముల్లో టేపులు పెట్టి కొలిచింది. టీచరు ప్రశ్న అడిగినాక జవాబు కోసం ఆగేది సుమారు ఒక సెకను. సెకనులో రాకపోతే ఇంకొకర్ని అడగడమో, తానే చెప్పేయడమో. దాన్ని 3 సెకన్లకి పెంచమంటే పిల్లల జవాబులు పొడుగైనాయి, తెలియదు అనేవాళ్లు తగ్గినారు, వెనక బెంచీలోళ్లు నోరు విప్పినారు, పిల్లలు తిరిగి అడగడం కూడా పెరిగింది. 3 సెకన్లంటే ఏముంది, ఒక గుటక మింగే టైమ్. కానీ అరవై మంది ముందర ఆ నిశ్శబ్దాన్ని భరించడం టీచరుకే కష్టం, సిలబస్ తరుముతా ఉంటుంది, పక్క క్లాసు వాళ్లు రెండు పాఠాలు ముందున్నారు.

ఇంతవరకు ప్రశ్న చేసే మేలే మాట్లాడుకున్నాం. ప్రశ్న మనిషిని పక్కదారి కూడా పట్టిస్తుంది. నేషనల్ హైవే మీద గుత్తి దగ్గరో, డోన్ దగ్గరో రెండు కార్లు తగులుకున్నాయి అనుకుందాం, టీ బంకు దగ్గర నిలబడి చూసినోన్ని అడుగుతారు. "రెండు కార్లు తగిలినప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయి?" అని ఒకరు, "నుజ్జునుజ్జుగా గుద్దుకున్నప్పుడు ఎంత స్పీడు?" అని ఇంకొకరు. చూసింది ఒకటే కదా, జవాబు ఒకటే రావాల. 1974లో లాఫ్టస్, పామర్ అనేవాళ్లు స్టూడెంట్లకి యాక్సిడెంట్ల సినిమా ముక్కలు చూపించి ఇదే అడిగినారు. తాకినప్పుడు అన్న మాట వాడితే సగటున గంటకి 31.8 మైళ్లు అన్నారు, బలంగా గుద్దుకున్నప్పుడు అంటే 40.8. అంతటితో అయిపోలేదు, ఇంకో ప్రయోగంలో వారం తర్వాత పిలిచి పగిలిన గాజు చూసినారా అని అడిగితే, గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూసినాం అన్నారు, మామూలు మాట విన్న 50 మందిలో 7 మందే. సినిమాలో గాజు పగలనే లేదు. ప్రశ్నలో ఒక్క క్రియ మారితే జ్ఞాపకంలో గాజు పెంకులు మొలిచినాయి. పంచాయితీల్లో మాట పట్టుకుని అడగడం అంటారు కదా, ఊరి పెద్దమనుషులకి ఈ విద్య ఎవరూ నేర్పకుండానే వచ్చు, మంచికీ వాడతారు, చెడ్డకీ వాడతారు.

ఇంకోరకం పక్కదారి కూడా ఉంది, దీనికి ఎవరో వచ్చి మనల్ని మోసం చేయాల్సిన పనిలేదు, మన ప్రశ్నలే మనల్ని మోసం చేస్తాయి. బోరు పాయింట్ పెట్టేటప్పుడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడుస్తారు, టెంకాయ నిక్కి నిలబడిన చోట నీళ్లున్నట్టు. సీమలో ఈ దృశ్యం చూడనోళ్లు ఉండరు. నమ్మకం ఎట్లా వచ్చింది అని అడిగితే చెప్పే మాట ఒకటే, "ఫలానా ఆయన చేనులో టెంకాయ లేచిన చోటే రెండించుల నీళ్లు పడినాయి." నిజమే, పడినాయి. కానీ అడగాల్సిన ప్రశ్నలు ఇంకో మూడు ఉన్నాయి. లేచిన చోట వేసినా పడని బోర్లు ఎన్ని? లేవని చోట వేస్తే పడిన బోర్లు ఎన్ని? ఆయన కళ్లకి గంతలు కట్టి అదే చేనులో రెండోసారి నడిపిస్తే అదే చోట లేస్తుందా? మొదటి ప్రశ్నకి జవాబు అప్పుల రూపంలో ప్రతి ఊర్లో ఉంది, రెండోది ఎవరూ వేసి చూడరు, మూడోది అడిగితే దండం పెట్టి పంపిస్తారు. ఆ నడిచే మనిషి దొంగ అని కూడా అనలేం, మనకి తెలియకుండానే చేతి కండరాలు కదులుతాయి, బ్యాలెన్స్ మీద ఉన్న వస్తువు ఆ కొంచెం కదలికకే నిక్కుతుంది, ఆయనకి అది నిజంగా తానై లేచినట్టే ఉంటుంది. అనంతపురం కింద ఉన్నది గట్టి రాయి, నీళ్లు ఆ రాయి చీలికల్లో దాక్కుని ఉంటాయి, పది అడుగులు పక్కకి జరిగితే కథ మారిపోతుంది కాబట్టి ఏ పద్ధతికైనా కొన్ని గెలుపులు దొరుకుతూనే ఉంటాయి.

1960లో పీటర్ వేసన్ అనే ఆయన దీన్ని ఒక చిన్న ఆటలో పెట్టినాడు. 2, 4, 6 అనే మూడు అంకెలు ఒక రూలు ప్రకారం ఉన్నాయి, మీరు వేరే మూడు అంకెలు చెప్తే ఆ రూలుకి సరిపోతాయో లేదో చెప్తాను, రూలు కనుక్కోండి అన్నాడు. జనం 8, 10, 12 అన్నారు, సరే అన్నాడు. 20, 22, 24, సరే. రెండు రెండు పెరగాల, అదే రూలు అని ప్రకటించినారు, తప్పు. అసలు రూలు పెరుగుతా పోవాల అంతే, 1, 7, 300 అన్నా సరిపోతుంది. 29 మందిలో మొదటి ప్రకటనే సరిగ్గా చేసింది 6 మంది. తక్కినోళ్లు తెలివి తక్కువోళ్లేం కాదు, యూనివర్సిటీ స్టూడెంట్లు. వాళ్లు అడిగిన ప్రశ్నలన్నీ తమ ఊహకి అవును అనిపించుకునేవే, కాదు అనిపించుకునే ప్రశ్న ఒక్కటి వేసింటే బయటపడేవాళ్లు. ఒంటరిగా ఆలోచించే మనిషికి ఇది చాలా కష్టం, తన చేను గట్టు తానే కోసుకున్నట్టు ఉంటుంది. పక్కోడు ఉంటే ఆ పని వాడు చేసిపెడతాడు, సంతోషంగా చేస్తాడు. వేసన్‌దే ఇంకో కార్డుల పజిల్ ఉంది, ఒంటరిగా చేస్తే పదిమందిలో ఒక్కరికి కూడా సరిగా రాదు. 1998లో మోష్‌మన్, గైల్ అనేవాళ్లు దాన్ని ఐదారు మంది గుంపులకిచ్చి వాదించుకోమంటే పది గుంపుల్లో ఏడుకి పైనే సరిగా తేల్చినాయి. రచ్చబండ మీద అందరూ ఒకే మాట మీదుంటే మాత్రం ఈ లాభం ఉండదు, "అదెట్లా అవుతుంది ప్పా" అనేటోడు ఒకడు కావాల.

అడగడం కూడా ఒక విద్యే అని తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, అవధానం మనదే. ప్రొద్దుటూరు ఒకప్పుడు దానికి పేరు, దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి జంటగా అవధానాలు చేసిన ఊరు అది. చప్పట్లన్నీ అవధానికే పోతాయి గానీ ప్రశ్న వేసే పృచ్ఛకుడి పని చూడాల. సమస్య ఇచ్చేవాడు అర్థం లేనట్టు, కొన్నిసార్లు బూతుగా కూడా కనపడే ఒక్క పాదం ఇస్తాడు, మిగతా మూడు పాదాలు పూరించి దాన్ని అర్థంలోకి తేవాల. నిషిద్ధాక్షరి వాడు అవధాని ఒక్కో అక్షరం చెప్పగానే తర్వాత ఏ అక్షరం వస్తుందో పసిగట్టి దాన్ని వద్దంటాడు, అంటే ఆ పద్యం ఎటు పోతుందో వాడికి కూడా తెలిసుండాల. వాడు అడ్డం పెట్టబట్టే అవధానికి మామూలుగా తట్టని దారి తడుతుంది. చెడ్డ పృచ్ఛకుడు దొరికితే ఎంత గొప్ప అవధాని అయినా ఆ పూట చప్పగా ఉంటుంది. కడపలో ఉన్న కవి పుట్టపర్తి నారాయణాచార్యుల గురించి ఒక కథ చెప్పుకుంటారు, చిన్నతనంలో రాసిన పెనుగొండ లక్ష్మి అనే కావ్యం ఆయనకే విద్వాన్ పరీక్షలో పాఠం అయ్యిందని, దాని మీద వచ్చిన రెండు మార్కుల ప్రశ్నకి పేజీలు పేజీలు రాసుకుంటా పోయి టైమ్ అయిపోయి ఆ పేపరు తప్పినాడని. రెండు మార్కుల ప్రశ్న అంటే ఇంత పొడుగే జవాబు అనే కొలత ప్రశ్నలోనే దాగుంటుంది, అది ఆయనకి పట్టలేదు.

ఎవర్ని అడగాల, ఎప్పుడు అడగాల అనేది కూడా ప్రశ్నలో భాగమే. కడప జిల్లాలో దీనికి ఒక పక్షి సాక్ష్యం ఉంది. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు వల్ల ఈ పక్షి శాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కింది. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనపడింది, అంతే, తర్వాత ఎవరికీ కనపడలేదు. వెతికినారు, దొరకలేదు, ఇక లేదు అనుకున్నారు. దీని చుట్టాలైన పక్షులు పగలు బీడు పొలాల్లో తిరుగుతా కనపడతాయి కాబట్టి ఇది కూడా పగలే కనపడాల అని ఎవరికైనా అనిపిస్తుంది. పక్షి ఉందా లేదా అని అడిగితే పగలు చూసిన కళ్లు లేదనే చెప్తాయి. 1980ల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు లంకమల అడవి చుట్టుపక్కల ఊర్లల్లో బొమ్మ చూపించి, అడవిలో తిరిగే మనుషుల్ని అడగడం మొదలుపెట్టినారు. 1986 జనవరిలో అట్లాంటి ఒక ఊరి మనిషికి రాత్రిపూట టార్చి వెలుగులో పక్షి ప్రాణంతో దొరికింది. అది రాత్రి తిరిగే పక్షి, పగలంతా పొదల్లో నక్కి ఉంటుంది. పుస్తకాల్లో 86 ఏళ్లు లేకుండా పోయిన ఆ పక్షికి ఆ ఊర్లల్లో పేరు ఉండనే ఉండె, యాడ వెతకాలో కూడా ఆ పేరులోనే ఉండె, కలివి పొదల కింద తిరిగే కోడి, కలివికోడి.